స్థాలీపులాక న్యాయమునకు ఎల్లలు: క్వాంటం వహన సిద్ధాంతమును తెలుగున చెప్పుటను గూర్చి

వంటయింట పుట్టి శాస్త్రసభ కెక్కిన న్యాయములలో స్థాలీపులాక న్యాయ మొకటి. కుండలోని అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకును పట్టి చూచిన చాలును. కుండనంతయు తిరుగవేయ నక్కరలేదు. పతంజలి మహాభాష్యమున దృష్టాంతముగా నిలిచిన ఈ మాటను నేటికిని మన యిల్లాండ్రు వంటలోను, మన విమర్శకులు వ్యాసములలోను వాడుచునే యున్నారు. ఒక కవి శైలిని నిరూపింపవలసి వచ్చినపుడు నాలుగు పద్యముల నుదాహరించి, స్థాలీపులాక న్యాయమున ఇవి చాలునని ముందునకు సాగుట పరిశోధన గ్రంథములలో పరిపాటి. అయితే ఈ న్యాయము ఎప్పుడు చెల్లును, ఎప్పుడు చెల్లదు అని అడుగువారు అరుదు.

ఈ ప్రశ్ననే మిక్కిలి నిశితముగా అడిగిన శాఖ యొకటి ఆధునిక భౌతికశాస్త్రమున కలదు. పరమాణువుల అమరికలో క్రమము తప్పిన లోహములందును, ఎలక్ట్రాను గతి ఊహకందని చిన్న కుహరములందును విద్యుత్తు ఎట్లు ప్రవహించునో క్వాంటం నియమముల ననుసరించి, గణాంక పద్ధతిని తెలుపు సిద్ధాంతమది. దానిని తెలుగున చెప్పబూనినపుడు రెండు చోట్ల అడుగు తడబడుచున్నది. మనము చేపట్టు ఉపమానము సగము దారివరకే వచ్చును. మన పరిభాష మూడు వేరు వేరు భావములను ఒకే మాటలో ముంచివేయును. ఈ రెండింటిని పరీక్షించి, ఆ పరీక్షవలన సాహిత్య పరిశోధకునకు కలుగు ప్రయోజనమును సూచించుట ఈ వ్యాసమున తలపెట్టిన పని.

ముందుగా న్యాయము చెల్లు చోటు చూతము. అన్నవరము సత్యనారాయణస్వామి ప్రసాదమును ఎరుగని తెలుగువారు తక్కువ. గోధుమనూక, చక్కెర, నెయ్యి చేర్చి పెద్ద పాత్రలలో వండి, ఆకు పొట్లములలో కట్టి యిత్తురు. ఒక పొట్లము రుచి చూచినవాడు ఆ పాత్రలోని ప్రసాదమంతటి రుచి తెలిసినట్లే పలుకును. ఆ పలుకు తప్పు కాదు. ఏల? నూకలు లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. గరిటె వానిని చక్కగా కలిపినది. పాత్ర యొక్క ఈ అంచున నున్న నూకకు ఆ అంచున నున్న నూకతో ప్రత్యేక సంబంధ మేమియు లేదు. ఆధిక్యము, సమమిశ్రణము, పరస్పర నిరపేక్షత అను నీ మూడు నియమములు నిలిచినంతవరకు అల్పాంశము సమస్తమునకు ప్రతినిధి కాగలదు.

ఇంటిలోని రాగితీగ ఈ ప్రసాదము వంటిదే. ఒక ఘన సెంటీమీటరు రాగిలో విద్యుత్తును మోయు ఎలక్ట్రానులు సుమారు 8.5×10²² కలవు. తీగను ఏ చోట త్రుంచినను, ఒకే పొడవు, ఒకే మందము, ఒకే ఉష్ణోగ్రత గల తునుకలు ఒకే నిరోధమును చూపును. 1827 లో ఓమ్ ప్రకటించిన నియమమును, 1900 లో డ్రూడ్ ఎలక్ట్రానుల తాకిడుల ద్వారా దానికి చెప్పిన కారణమును ఈ న్యాయము మీదనే నిలిచినవి. వస్తువు తన సగటును తానే చూపుట అనవలసిన ఈ గుణమును స్థాలీపులాకత్వము అన్నచో, మన శాస్త్రభాషలో ఇంతకన్న పొందికైన మాట దొరకదు.

ఇక ఉపమానము సంగతి. విద్యుత్ ప్రవాహమును వివరించువారు సామాన్యముగా తిరునాళ్ల జనసమ్మర్దమును చూపుదురు. ఎలక్ట్రానులు జనము, లోహమందలి కల్మషములు దారికడ్డమైన అంగళ్లు, తోపులాటయే నిరోధము. డ్రూడ్ చెప్పినంతవరకు ఈ పోలిక సరిపోవును. దాని సామర్థ్యమును కొలుచుటకు రత్నగిరినే తీసికొందము. పంపానది చెంత నున్న ఈ కొండపై 1891 లో స్వామివారి ప్రతిష్ఠ జరిగినది. పైకి పోవుటకు మెట్లదారి యొకటి, వాహనములు పోవు ఘాటురోడ్డు ఒకటి కలవు. కార్తికమాసమున మెట్లదారిని ఎక్కిన యాత్రికుల సంఖ్యకు రోడ్డున వచ్చినవారి సంఖ్యను కూడినచో కొండపై చేరినవారి మొత్తము వచ్చును. రెండవ దారి తెరచినందువలన కొండపై జనము తగ్గినట్లు ఎవరును విని యుండరు.

ఎలక్ట్రాను విషయమున అట్టి తగ్గుదల జరుగును. 1985 లో అమెరికాలోని ఐ.బి.ఎం. పరిశోధనశాలలో వెబ్ అనునతడును, అతని సహచరులును ఒక మైక్రానుకు లోపు వ్యాసము గల బంగారు వలయమును మిక్కిలి చల్లబరచి, దానిలో విద్యుత్తును పంపి చూచిరి. వలయమునకు రెండు చేతులు, అనగా రెండు దారులు. వలయమధ్యమున అయస్కాంత క్షేత్రమును మెల్లగా పెంచగా, వలయము యొక్క వాహకత క్రమముగా హెచ్చుచు తగ్గుచు వచ్చినది. ఎలక్ట్రాను తరంగ స్వభావము కలది కనుక, రెండు దారులలో వచ్చిన తరంగముల కంపన పరిమితులు ముందు కలియును; ఆ కలయిక యొక్క వర్గమే గమ్యమును చేరు సంభావ్యత. తరంగముల దశలు ఏకీభవించినచో ప్రవాహము పెరుగును, విరోధించినచో తగ్గును. యాత్రికులకు దశ లేదు; మెట్ల నెక్కినవాడు రోడ్డున వచ్చినవానిని రద్దు చేయజాలడు. తిరునాళ్ల ఉపమానము ఇచ్చట ఆగిపోవును. ఉపమానము పనికిరాదని నా వాదము కాదు. అది ఎంతవరకు వచ్చునో చెప్పకుండ వదలివేయు వ్యాఖ్యాత పాఠకుని తప్పుదారి పట్టించుచున్నాడని మాత్రమే.

అన్నవరములోనే మరియొక పోలిక కలదు. అది మరికొంత దూరము వచ్చును. కార్తిక పూర్ణిమనాడు భక్తులు రత్నగిరికి ప్రదక్షిణము చేయుదురు. కొండను కుడిచేతివైపున ఉంచుకొని అందరును ఒకే దిశలో నడతురు. అప్రదక్షిణము ఎవరును చేయరు. లోహమున చిక్కుకొన్న ఎలక్ట్రాను తరంగమునకు ఈ నియమము లేదు. కల్మషముల నడుమ ఒక చుట్టు తిరిగి బయలుదేరిన చోటికి మరలి వచ్చునపుడు అది ప్రదక్షిణము, అప్రదక్షిణము రెండింటిని ఒక్కసారిగా చేయును. రెండు మార్గముల పొడవు ఒకటే, అడ్డంకులు అవియే. కనుక రెండు తరంగములును ఒకే దశలో వచ్చి కలియును. సంఖ్యలను కూడినచో రెండు కావలసిన ఫలము, కంపన పరిమితులను కూడి వర్గించుటచే నాలుగగును. అనగా బయలుదేరిన చోటికే తిరిగివచ్చు సంభావ్యత సామాన్య గణనమున కంటె రెట్టింపు. తిరిగివచ్చునది పెరిగినచో ముందునకు పోవునది తగ్గవలసినదే. నిరోధము కొంచెము హెచ్చును. అయస్కాంత క్షేత్రము నుంచినచో రెండు దిశల దశలకు భేదము వచ్చి ఈ హెచ్చు నశించును. క్షేత్రమువలన నిరోధము తగ్గుట అను వింతకు సామాన్య లోహములలో ఇదియొక కారణము.

ఈ తిరుగుముఖము ప్రబలినచో ఎలక్ట్రాను ఒక చోటనే బంధింపబడు ననియు, వస్తువు విద్యున్నిరోధక మగు ననియు 1958 లో ఫిలిప్ ఆండర్సన్ చూపెను. ఆ కృషియు కారణముగా 1977 లో నోబెల్ పురస్కారమును ఆయన మాట్, వాన్ వ్లెక్ గార్లతో పంచుకొనెను. 1979 లో ఆబ్రహామ్స్, ఆండర్సన్, లిచ్చార్డెల్లో గార్లతో కలిసి భారతీయుడైన టి.వి. రామకృష్ణన్ వ్రాసిన ప్రబంధము, వస్తువు పరిమాణము మారుచుండగా వాహకత ఎట్లు మారునో తెలిపినది. ఎలక్ట్రానుల పరస్పర వికర్షణను లెక్కింపనిచో, సామాన్యమైన పలుచని పొరలో ఎంత స్వల్పమైన క్రమభంగమైనను తుదకు బంధనమునకే దారితీయునని వారు తేల్చిరి.

ఇప్పుడు మెతుకు సంగతికి వత్తము. వస్తువు చిన్నదై, ఉష్ణోగ్రత పరమశూన్యమునకు చేరువైనపుడు తరంగము ఈ కొననుండి ఆ కొనవరకు తన దశను మరువక పోవును. అనగా పైన చెప్పిన నియమములలో మూడవది, పరస్పర నిరపేక్షత, తొలగిపోయినది. అంత స్థాలీపులాక న్యాయమును కూలిపోవును. ఒకే పోతలో, ఒకే పద్ధతిని తయారైన రెండు తునుకలు రెండు విధముల వాహకతను చూపును. ఒక్క కల్మషము చోటు మారినను ఫలము మారును. ఆశ్చర్య మేమనగా, ఒక తునుక యొక్క వాహకతను అయస్కాంత క్షేత్రముతో పాటు గీచిన గీత ఎగుడుదిగుడుగా నుండును. కాని అదే తునుకను చల్లగా ఉంచి మరల పరీక్షించినచో ఆ ఎగుడుదిగుడులే అక్షరాల మరల వచ్చును. కనుక అవి పరికరము చేసిన సవ్వడి కావు, ప్రయోగకర్త చేతి వణుకు కాదు. ఆ తునుక యొక్క వేలిముద్ర. ఈ హెచ్చుతగ్గుల పరిమాణము వస్తువు సగటు వాహకత మీద గాని, దాని పొడవు మీద గాని ఇంచుమించుగా ఆధారపడదని 1985 లో ఆల్ట్‌షులర్ ఒకవైపును, లీ, స్టోన్ గార్లు మరియొకవైపును నిరూపించిరి. అది ఎలక్ట్రాను ఆవేశపు వర్గమును ప్లాంకు స్థిరాంకముచే భాగింపగా వచ్చు వాహకతకు సరిసమానమైన కొలత. దాని విలోమము సుమారు 25,813 ఓములు.

మన వేదాంతులు వ్యష్టి, సమష్టి అని రెండు మాటలు వాడుదురు. ఈ సిద్ధాంతమునకు ఆ జంట ఎంతయు తగినది. ఒక తునుక వ్యష్టి. ఒకే పద్ధతిని తయారు కాదగిన తునుకలన్నియు సమష్టి. వ్యష్టి సమష్టికి ప్రతినిధి కానపుడు సగటు నొక్కదానిని చెప్పి ఊరకుండరాదు. సమష్టియందు ఏ విలువ ఎంత తరచుగా తటస్థించునో ఆ విభాజనము నంతయు చెప్పవలయును. గణాంక సిద్ధాంతము ఇచ్చట అలంకారముగా గాక అవసరముగా ప్రవేశించుచున్నది. పియర్ మెల్లో, నరేంద్ర కుమార్ గార్లు 2004 లో ప్రకటించిన గ్రంథము ఈ దృష్టినే ఆద్యంతము అనుసరించినది. తెలిసినదానిని మాత్రము అంగీకరించి, తెలియని విషయమున ఏ పక్షమును వహింపక విభాజనమును కట్టుట వారి పద్ధతి.

సగటు ఎంత మోసగింపగలదో రెండు ఉదాహరణములు చాలును. కల్మషము లేని చిన్న కుహరమున ఎలక్ట్రాను గోడలకు తగిలి తిరుగుచుండు ననుకొందము. కుహరము ఆకృతి క్రీడాంగణము వలె ఉన్నచో దాని గతి ఊహకందనిదగును. రాకకు ఒక సన్నని ద్వారము, పోకకు ఒక సన్నని ద్వారము ఉన్నపుడు, లోపలికి వచ్చినది ఆవలకు పోవు సంభావ్యత యెంత? 1994 లో లభించిన సమాధానము ప్రకారము, అయస్కాంత క్షేత్ర మున్నపుడు సున్న మొదలు ఒకటివరకు గల విలువలన్నియు సమాన ముగా సంభవింపవచ్చును. సగటు సగము, కాని సగమును మాత్రమే కోరి చూపు పక్షపాత మేదియు ఆ కుహరములకు లేదు. క్షేత్రము లేనపుడు సగటు మూడవ వంతు. కాని అన్నిటికంటె తరచుగా కనబడునవి సున్నకు చేరువనున్న విలువలు. సగటు చెప్పినవాడు అబద్ధ మాడలేదు, కాని చెప్పవలసినదియు చెప్పలేదు.

రెండవ ఉదాహరణము ఎలక్ట్రాను బంధింపబడిన సన్నని పొడవైన తీగ. అట్టి తీగల సమష్టిలో సగటు నిరోధమును అరుదుగా తటస్థించు కొన్ని మహానిరోధములే నిర్ణయించును. చేతికి వచ్చిన సామాన్యమైన తీగ నిరోధము ఆ సగటుకంటె ఎంతో తక్కువ. డెల్టాలోని రైతున కిది బోధపడుట కష్టము కాదు. ఎకరము చొప్పున భూమి గల పదిమంది, వెయ్యి ఎకరముల భూస్వామి యొకడు గల ఊరిలో సగటు కమతము తొంబది ఎకరములకు మించును. తొంబది ఎకరముల రైతు మాత్రము ఆ ఊరిలో ఒక్కడును లేడు. ఇట్టిచోట నిరోధమును గాక దాని సంవర్గమానమును సగటు చేయుట ఉచితమని ఆండర్సన్ ప్రభృతులు 1980 లో చూపిరి. ఏది సగటు చేయదగినదో తెలిసికొనుటయే ఇచ్చట సగము విద్య.

ఇక పరిభాష. ఈ శాస్త్రమున మూడు భావములు ప్రతి పుటయందును కలియుచుండును. మొదటిది వస్తువు నందలి దోషము: పరమాణువులు వరుస తప్పి యుండుట. అవి కదలవు, మారవు; ఉన్నచోటనే ఉన్నవి, కాని వరుసలో లేవు. రెండవది గతియందలి గుణము: నియమము పూర్తిగా తెలిసియు, ఆరంభమున వెంట్రుకవాసి భేదమున్నచో ఫలము ఊహకు అందకపోవుట. మూడవది మన వర్ణన యొక్క పద్ధతి: తెలియనిదానిని సంభావ్యతచే చెప్పుట. ఒకటి వస్తువున, ఒకటి గతిన, ఒకటి జ్ఞానమున ఉన్నవి. వాడుకలో ఈ మూడింటికిని గందరగోళము, అస్తవ్యస్తము, అయోమయము అను మాటలు విచక్షణ లేక ప్రయుక్తము లగుచున్నవి. గందరగోళ మన్నచో నియమమే లేదని పాఠకుడు గ్రహించును. రెండవ భావమున నియమము నూటికి నూరు పాళ్లున్నది. సంక్షోభ మన్నచో నేటి పత్రికాభాషలో ఆర్థికమో రాజకీయమో అగు ఆపద స్ఫురించును. అక్రమ మన్నచో ప్రభుత్వము కూల్చవలసిన కట్టడము గుర్తునకు వచ్చును. కావున మొదటిదానికి క్రమరాహిత్యము, రెండవదానికి అనూహ్యగతి, మూడవదానికి యాదృచ్ఛికత అని మూడు మాటలను నియమించి, ఒకదాని చోట మరియొకటి రాకుండ కాపాడుకొనుట మేలు.

క్వాంటం అను మాటకు వేమూరి వేంకటేశ్వరరావుగారు గుళిక అను పదమును వాడిరి. శక్తి విడివిడి మోతాదులుగా వచ్చునను విషయమున కది చక్కని మాట. నోటికి తేలిక, వైద్యుని మాత్రవలె చేతికి అందునది. కాని మనము చూచిన వలయమునందును, ప్రదక్షిణమునందును ప్రధానమైనది విడివిడిగా నుండుట కాదు, తరంగములు కలియుట. గుళిక వహన మన్నచో విద్యార్థి గోలీలు దొర్లుటను ఊహించును. మరల తిరునాళ్ల ఉపమానమునకే పోవును. అందుచేత ఈ శాఖకు సంబంధించినంతవరకు క్వాంటం అను మాటను అట్లే ఉంచుకొని, వ్యతికరణము, దశ అను వాడుకలో నున్న పదములపై భారము వేయుట ఉచితమని తోచుచున్నది.

ఈ శ్రమ మన కేల యని అడుగవచ్చును. ఈ శాస్త్రము మనవారికి దూరపుది కాదు. యాదృచ్ఛిక మాత్రికల విద్యకు మూలము 1928 లో విషార్ట్ వ్రాసిన గణాంక ప్రబంధము. ఆ బహుచర గణాంకశాస్త్రమును లోకమున విస్తరింపజేసినవారిలో ముఖ్యులైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు (1920–2023) ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివినవారు. 1950 తరువాతి దశకమున విగ్నర్ ఆ మాత్రికలను పరమాణు కేంద్రకముల శక్తిస్థాయిలకు అన్వయించెను. 1962 లో డైసన్ వానిని మూడు తరగతులుగా విభజించెను. అనూహ్యగతి గల కుహరముల కవియే నేడు ఆధారము. అహమ్మదాబాదు భౌతిక పరిశోధనశాలకు చెందిన వి.కె.బి. కోట 2014 లో ఇట్టి మాత్రికలలో ఒక ప్రత్యేక వర్గమును గూర్చి సమగ్ర గ్రంథమును వెలువరించిరి. శాస్త్రమున మనవారి చేయి ఉండి, మన భాషలో దాని మాట లేకుండుట భాష యొక్క అశక్తత కాదు. భాషను పరీక్షకు నిలుపని మన ఉపేక్ష.

తెలుగు శాఖలోని పరిశోధకునకు దీనివలన కలుగు లాభము మరియొకటి కలదు. ఎలక్ట్రానును గూర్చిన సిద్ధాంతమును కావ్యమునకు అంటగట్టుట నా ఉద్దేశము కాదు; అట్టి అన్వయములు వినుటకు ఇంపుగా నుండును గాని నిలువవు. ఉభయత్ర సమానమైనది న్యాయ మొక్కటే, దాని నియమములు మాత్రమే. శతకమున పద్యములు ముక్తకములు. ఒకదాని నొక టి అపేక్షింపవు. నూరింటిలో పదింటిని పక్షపాతము లేక ఎన్నుకొన్నచో మిగిలినవాని ధోరణిని గూర్చి ధైర్యముగా పలుకవచ్చును. ప్రబంధ మట్టిది కాదు. మొదటి ఆశ్వాసమున చెప్పిన మాట అయిదవ ఆశ్వాసమున అర్థము మార్చుకొనును. ఒక పద్యము పక్క పద్యముతోనే గాక దూరపు పద్యముతోను కలిసి మ్రోగును. అచ్చట నాలుగు పద్యములు ఏరి కావ్యమును తీర్మానించుట పరస్పర నిరపేక్షత లేని చోట మెతుకు పట్టి చూచుటయే.

రాజమహేంద్రవరమున నన్నయ ఆరంభించిన భారతమున ఆరణ్యపర్వము చక్కని నిదర్శనము. నన్నయ విడిచిన శేషమును ఎఱ్ఱన పూరించెను. ఇరువురి శైలులను పదముల లెక్కచేతనో, వృత్తముల లెక్కచేతనో వేరుపరుప బూనువాడు మొదట తన మచ్చు దేనినుండి తీసెనో చెప్పవలయును. యుద్ధము, ఉపాఖ్యానము, ఋతువర్ణనము, ధర్మోపదేశము అను ఘట్టములందు ఒకే కవి పదముల పాళ్లు మారును. కలుపని కుండలో అడుగు మెతుకు వేరు, పై మెతుకు వేరు. ఆ భేదమును కవిభేదముగా భ్రమపడుట సులభము. సగటు చెప్పిన పరిశోధకుడు దానితోపాటు ఒకే కవిలోని హెచ్చుతగ్గులను కూడ చూపవలయును. ఆ హెచ్చుతగ్గులు ఇరువురి నడిమి భేదమును మించినచో తీర్పును నిలుపుకొనవలయును. ఒక ఘట్టమున మరల మరల కనబడు విలక్షణతను లెక్కకు అడ్డమని తుడిచివేయక, ఆ ఘట్టము యొక్క వేలిముద్రగా గుర్తింపవలయును.

స్థాలీపులాక న్యాయమును విడువుమని దీని తాత్పర్యము కాదు. అది లేనిచో వంట సాగదు, పరిశోధన సాగదు. మెతుకును చూపువాడు దానితో కూడ కుండను గూర్చి మూడు మాటలు చెప్పవలయును: అందు మెతుకు లెన్ని, అవి ఎట్లు కలుపబడినవి, ఒకటి మరియొకదానిపై ఎంతదూరము ఆధారపడి యున్నది. సిద్ధాంత వ్యాసములను పరీక్షించు ఆచార్యులు ఉదాహరణ పద్యముల సంఖ్యకంటె ముందు ఈ మూడు మాటలను అడిగినచో మన శైలీవిమర్శ మరింత గట్టి నేలపై నిలుచును.